వెనక నుంచి ఆ 'టక్ టక్' ఏమిటి?

పండక్కి ఊరెళ్ళి తిరిగొస్తున్నారు. డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాలు. ఊరి రోడ్డు దాటకముందే కారు వెనక నుంచి 'టక్... టక్' మొదలైంది. పాటలు ఆపి విన్నారు. గతుకు వచ్చినప్పుడల్లా అదే చప్పుడు. మర్నాడు షెడ్డుకి తీసుకెళితే మెకానిక్ బండిని ఓ చుట్టు తిప్పి, "షాక్ అబ్జార్బర్లు పోయాయి సార్, రెండూ మార్చాలి" అన్నాడు. మార్పించారు. వేలల్లో బిల్లు కట్టారు. ఇంటికొస్తుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మళ్ళీ... 'టక్'!

తప్పంతా మెకానిక్‌దేనా? మనం మాత్రం ఏం చెప్పాం? "వెనక ఏదో సౌండ్ వస్తోంది" అన్నాం, అంతే. డాక్టర్ దగ్గరికెళ్ళి "ఒంట్లో బాలేదు" అని ఊరుకున్నట్టే ఇదీ. ఎలాంటి చప్పుడు, ఎప్పుడు వస్తోంది, ఏ వైపు నుంచి వస్తోంది... ఈ మూడూ చెప్పగలిగితే అనవసరపు ఖర్చు చాలావరకు తప్పుతుంది.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

సస్పెన్షన్‌ని అనుమానించే ముందు కదిలే సామాన్లన్నీ తీసేయండి. స్టెపినీ బోల్టు బిగుతుగా ఉందా? జాకీ, పానాలు వాటి చోట్లో కదలకుండా ఉన్నాయా? చాలా కార్లలో జాకీని దాని గూట్లో పెట్టి, స్క్రూ కొంచెం తిప్పి బిగిస్తేనే కుదురుగా ఉంటుంది. వెనక సీటు లాకు సరిగ్గా పడిందా? సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటోందా? నంబరు ప్లేటు వదులైందా? ఇవన్నీ సరిచూశాక అదే రోడ్డు మీద, అదే స్పీడులో మళ్ళీ వెళ్ళండి. నడిపేవాళ్ళు రోడ్డు మీదే దృష్టి పెట్టాలి. వినే పని వెనక సీట్లో కూర్చున్నవాళ్ళది. ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది.

వెనక ఏముంటుంది?

స్విఫ్ట్, ఐ10 లాంటి చిన్న కార్లలో రెండు వెనక చక్రాల్నీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు బీమ్ ఉంటుంది. దాని ముందు కొసలు రెండూ పెద్ద రబ్బరు బుష్‌ల ద్వారా బాడీకి బిగించి ఉంటాయి. ఒక్కో వైపు ఒక స్ప్రింగు, ఒక షాక్ అబ్జార్బర్. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండిపోకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. బొలెరో లాంటి బండ్లకైతే స్ప్రింగుల బదులు కమాన్ కట్టలుంటాయి.

ఏ చప్పుడుకి ఏది కారణం?

చిన్న చిన్న గతుకుల మీద 'టక్ టక్': షాక్ అబ్జార్బర్ పైన, కింద బిగించే చోట రబ్బర్లు అరిగి ఉండొచ్చు, లేదా బోల్టు వదులై ఉండొచ్చు. చాలాసార్లు షాక్ అబ్జార్బర్ బాగానే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే రబ్బరే పోతుంది.

స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా వెళ్తుంటే 'కిర్రు కిర్రు': రబ్బరు బుష్‌ల మీద అనుమానం. ఒక్కో బుష్ మీదా నీళ్ళు చల్లి చూడండి. దేని మీద చల్లితే కాసేపు ఆగిందో అదే దోషి. చప్పుడు పోవాలని ఇంజనాయిల్, గ్రీజు మాత్రం పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఫుల్ లోడుతో 'ధడ్': స్ప్రింగు చివరిదాకా నొక్కుకుపోయి, కింద అడ్డుగా ఉండే బంప్ స్టాప్ రబ్బరుకి తగులుతోంది. బరువు దించితే పోవాలి. ఆ రబ్బరు ముక్కలైపోతే ఇనుముకి ఇనుమే కొట్టుకుంటుంది.

స్పీడుతో పాటు పెరిగే 'గుయ్': ఇది గతుకులతో పనిలేని చప్పుడు. రోడ్డు మారినప్పుడు శబ్దమూ మారితే టైరు ఎగుడుదిగుడుగా అరిగి ఉండొచ్చు. వంపుల్లో తిరిగేటప్పుడు హెచ్చుతగ్గులైతే వీల్ బేరింగ్ చూపించండి.

'గలగల': సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు, దాని మీది రేకు చూడాలి. బ్రేకు కొంచెం నొక్కగానే చప్పుడు ఆగిపోతే అది బ్రేకు భాగాల నుంచే రావచ్చు.

షాక్ అబ్జార్బర్ సంగతి తేల్చుకోవాలంటే డిక్కీ మూలని గట్టిగా నొక్కి వదలండి. బండి ఒకసారి లేచి సర్దుకోవాలి, ఊగుతూనే ఉంటే అది పనైపోయినట్టే. గొట్టం మీద పలచటి తడి ఉంటే కంగారు లేదు. ఆయిల్ ధారకట్టి కారుతుంటే మాత్రం రెండు వైపులా కలిపి మార్చాలి.

వీటితో ఆట వద్దు

పంక్చర్ వేయించాకో, టైర్లు మార్పించాకో చక్రం తిరిగే లయలోనే 'టక్ టక్' వస్తుంటే వెంటనే పక్కకి ఆపి వీల్ నట్లు చూడండి. వదులైతే చక్రమే ఊడి రావచ్చు. 'టంగ్' మని గట్టి చప్పుడొచ్చి, బండి వెనక ఒక వైపు కుంగినట్టు కనిపిస్తే స్ప్రింగు విరిగి ఉండొచ్చు. విరిగిన ముక్క టైరుని కోసేస్తుంది. అలాంటి బండిని నడపకండి, టో చేయించండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో స్ప్రింగుల కింది చుట్టలకి తుప్పు త్వరగా పడుతుంది కనుక సర్వీసుకిచ్చినప్పుడల్లా చూపించుకోవాలి. ఇంకో మాట, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎప్పుడూ బండి కిందకి దూరకండి.

షెడ్డులో ఏం అడగాలి?

మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడొచ్చే గతుకు మీదుగానే తీసుకెళ్ళండి. ఇనుములో శబ్దం ప్రయాణిస్తుంది. ఎడమ వైపు పుట్టింది కుడి వైపు వినిపించొచ్చు. అందుకే ఏదైనా మార్చే ముందు ఆ భాగాన్ని కదిపి చూపించమనండి. మార్చాక పాతది చూపించమనండి. బుష్‌లు మారిస్తే మాత్రం ఒక్క సంగతి మర్చిపోవద్దు. వాటి బోల్టుల ఆఖరి బిగింపు, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. గాల్లో లేపి బిగిస్తే, కిందకి దించగానే రబ్బరు మెలిపడి కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది. 'కొత్తది వేయించినా మళ్ళీ అదే సౌండ్' అనే గోడుకి ఇదీ ఒక కారణం.

ఇంతకీ, పండగ నుంచి వచ్చిన ఆ కారులో చప్పుడు ఏమైందంటారా? బియ్యం బస్తా ఇరికించేటప్పుడు డిక్కీలో జాకీ పట్టు వదిలింది. రెండు చుట్లు తిప్పి బిగిస్తే ఆగిపోయింది. ఆ పని షెడ్డుకి వెళ్ళకముందే చేసుంటే... ఆ బిల్లు మిగిలేది!