దేశభద్రత.. లెక్కలేసేదెవరు?

మాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2019లో మా అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం వెతుకుతారని తెలిసి జనం రోడ్డెక్కారు. అడవి పోతే చెంచుల బతుకేంటని నిలదీశారు. దేశానికి అణు ఇంధనం కావాలి కదా అన్నవాళ్లూ ఉన్నారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నాకు మాత్రం ఒక డౌట్ మిగిలింది. దేశభద్రతకు ఏది ఎంత అవసరమో కూర్చుని ఆలోచించేది ఎవరు?

వెతికితే ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్ గురించి తెలిసింది. సింపుల్‌గా ఐడీఎస్‌ఏ. 1965 నవంబర్‌లో మొదలైన ఈ సంస్థ లాభాపేక్ష లేని సొసైటీ. ఇక్కడ తుపాకులు తయారుకావు. సరిహద్దులు, అణ్వాయుధాలు, సైబర్ దాడుల మీద పరిశోధన చేస్తారు. అధికారులకు శిక్షణ ఇస్తారు. దీనికి రెండుసార్లు డైరెక్టర్‌గా చేసిన కె.సుబ్రహ్మణ్యమే, కార్గిల్ యుద్ధం తర్వాత లోపాలెక్కడో తేల్చేందుకు 1999లో వేసిన కమిటీకి అధ్యక్షుడు. 2020లో సంస్థకు మనోహర్ పారికర్ పేరు పెట్టారు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. నిధులిచ్చేది రక్షణ శాఖ. డబ్బులిచ్చే శాఖ తప్పును ఎత్తిచూపడం అంత ఈజీ కాదు. అందుకే ఇలాంటి సంస్థలతోపాటు ప్రశ్నించే పౌరులూ కావాలి.

వాళ్ల వ్యాసాలు చాలావరకు ఫోన్‌లోనే ఫ్రీగా చదువుకోవచ్చు. చదవండి. చదువుతూ అమ్రాబాద్ జనంలా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ భద్రత ఎవరికి? దాని ఖర్చు ఎవరి నెత్తిన?