సజ్జల సీమ నైజర్

మెట్ట ప్రాంతాల తెలుగువారికి సజ్జలు చిరపరిచితమైన ధాన్యం. సజ్జరొట్టె, సజ్జసంకటి, పండుగనాటి సజ్జబూరెలు మన వంటలుగానే ప్రసిద్ధి చెందాయి. అయితే ఈ గింజ మన నేలపై పుట్టినది కాదు. సుమారు నాలుగున్నర వేల సంవత్సరాల క్రితం సహారా ఎడారి దక్షిణపు అంచున ఆఫ్రికా రైతులు దీనిని తొలిసారి సాగుచేశారనీ, అక్కడి నుండి అది భారతదేశానికి చేరిందనీ పరిశోధకులు నిర్ణయించారు. ఆ ప్రాంతంలో నేటికీ సజ్జయే ప్రధానాహారంగా గల దేశం నైజర్. దీనిని పొరుగుదేశమైన నైజీరియాగా పొరబడరాదు. రెండింటికీ పేరునిచ్చిన నది మాత్రం ఒక్కటే.

నైజర్ వైశాల్యం సుమారు 12,67,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణకు పదకొండు రెట్లు. ఏడు దేశాల నడుమ ఉన్న ఈ భూమికి సముద్రతీరం లేదు. అధికభాగం ఎడారి. ఉత్తరాన అయిర్ పర్వతాలు, అర్లిత్ వద్ద యురేనియం గనులు ఉన్నాయి. నైజర్ నది నడక విచిత్రమైనది. గినియా కొండలలో పుట్టిన ఈ నది సముద్రాన్ని విడిచి ఎడారివైపు ప్రవహిస్తుంది. మాలీలో వంపు తిరిగి, ఈ దేశపు నైరుతి మూలలో సుమారు 550 కిలోమీటర్లు సాగి, చివరకు నైజీరియాలో సముద్రాన్ని చేరుతుంది. రాజధాని నియామే ఈ నదీతీరంలోనే ఉంది. దేశంలోని తక్కిన ప్రాంతమంతా వానపైనే ఆధారపడుతుంది. ఆ వాన కూడా మనకు వలెనే జూన్ నుండి సెప్టెంబరు వరకే!

ప్రజలలో సగానికి పైగా హౌసాలు. జర్మాలు, ఫులానీలు, టువారెగ్‌లు, కనూరీలు తక్కినవారిలో ముఖ్యులు. అధిక సంఖ్యాకులు ముస్లిములు. టువారెగ్‌లలో ముఖానికి ముసుగు ధరించేది పురుషులు, స్త్రీలు కాదు. స్త్రీలు రోటిలో సజ్జలు దంచి, ఆ పిండిని ఉడికించి ముద్దలు చేస్తారు. పులిసిన పాలలో కలిపి త్రాగే ఆ ముద్దలను ‘ఫురా’ అంటారు. మన అంబలికి అది దగ్గరి చుట్టమే. ఫ్రెంచి పాలన నుండి 1960 ఆగస్టు 3న ఈ దేశం స్వాతంత్ర్యం పొందింది. 2023 జూలైలో సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. 2025లో హౌసా జాతీయ భాష అయింది. జనాభాలో దాదాపు సగంమంది పదిహేనేండ్ల లోపువారే. ఇందరికి అన్నం పెట్టవలసిన నేల దక్షిణాన ఒక సన్నని పట్టీ మాత్రమే.

1968లో మొదలై కొన్నేండ్లపాటు సాగిన అనావృష్టికి అక్కడి పంటలు, పశువులు నాశనమయ్యాయి. ఆ రోజులలోనే, 1972లో, జంటనగరాల శివారున పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధనకు ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. 1980లలో నియామే సమీపాన సదోరేలో దాని కేంద్రం వెలసింది. పటాన్‌చెరు విత్తననిధిలో ఇరవై వేలకు పైగా సజ్జ రకాలు భద్రంగా ఉన్నాయి.

శాస్త్రజ్ఞుల కృషి అటుంచితే, రైతులు తమంత తాము చేసినది తక్కువ కాదు. చెట్లు ప్రభుత్వానివనే చట్టం ఉన్నంతకాలం వాటిని కాపాడాలన్న ఆసక్తి వారికి లేకపోయింది. 1980ల నుండి మరాదీ, జిందేర్ ప్రాంతాల రైతులు పొలాలలో మోడులకు వేసిన చిగుళ్లను నరకక పెంచసాగారు. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. వాటిలో ‘గావో’ అనే తుమ్మజాతి చెట్టంటే రైతులకు మక్కువ ఎక్కువ. అది వానకాలంలో ఆకు రాల్చి, ఎండకాలంలో పచ్చగా ఉంటుంది. పైరుకు ఎండ తగులుతుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. మేత కరువైన నెలలలో దాని కాయలు పశువులకు ఆహారమవుతాయి.