నాలుగు మిల్లీసెకన్ల గడువు

ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే వైర్‌లెస్ ట్రిగ్గర్‌ను చవకలో కొనేవాళ్లు ముందుగా చూసేది డబ్బా మీద అచ్చేసిన దూరం. కోయంబత్తూరులోనో మదురైలోనో నాయుళ్ల పెళ్లి జరిగే కల్యాణ మండపంలో కెమెరాకూ స్టాండు మీది ఫ్లాష్‌కూ మధ్య ముప్పై మీటర్లుంటే గొప్ప. ఆ దూరం దాటడానికి రేడియో తరంగానికి సెకనులో కోటో వంతు చాలు. ఆలస్యమంతా ట్రిగ్గర్ పెట్టెల లోపలే జరుగుతుంది. ఆ ఆలస్యం ఎంత, ప్రతిసారీ ఒకేలా ఉంటుందా అన్నదే ట్రిగ్గర్ మంచిచెడ్డలు తేల్చాలి.

ఎందుకో షట్టర్ చెబుతుంది. అందులో రెండు తెరలు: మొదటిది సెన్సర్‌ను తెరుస్తూ పోతుంది, రెండోది వెనకే మూస్తూ వస్తుంది. ఒక్కో తెర ప్రయాణానికి సుమారు 3 మిల్లీసెకన్లు పట్టే కెమెరాలో 1/250 సెకను, అంటే 4 మిల్లీసెకన్లు పెడితే, సెన్సర్ పూర్తిగా తెరుచుకుని ఉండేది ఒక్క మిల్లీసెకనే. ఫ్లాష్ అంతలోనే వెలిగి ఆరాలి. ట్రిగ్గర్ అర మిల్లీసెకను తడబడినా రెండో తెర అడ్డొచ్చి ఫొటో అంచున నల్లపట్టీ పడవచ్చు. కోయంబత్తూరు తెలుగువాడు జి.డి. నాయుడు 1936లో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియలను చిత్రీకరించిన రోజుల్లో ఫ్లాష్ అంటే ఒక్కసారి వెలిగి మాడిపోయే బల్బు. అది నిండుగా వెలగడానికి ఇరవై మిల్లీసెకన్ల దాకా పట్టేది కనుక తర్వాతి కెమెరాల్లో షట్టరే దానికోసం ఆగేలా చేశారు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ కోసం ఏ షట్టరూ ఆగదు. అయితే వేగాన్ని 1/160కి తగ్గిస్తే ఆ ఒక్క మిల్లీసెకను మూడవుతుంది, చవక ట్రిగ్గర్ గట్టెక్కుతుంది. మండపంలోని మసక వెలుతురులో దీనివల్ల నష్టమేమీ లేదు. ఇబ్బంది మిట్టమధ్యాహ్నం ఆరుబయటే.

ఆలస్యమే కొలమానమైతే వెలుగును చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ అన్నిటికన్నా మేలు కదా అనవచ్చు. వేగంలో నిజమే, ధరలోనూ నిజమే. కానీ పెళ్లిలో చుట్టాల కెమెరా మెరిసినా అది వెలుగుతుంది. లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి బలాన్ని నిర్ణయించే టీటీఎల్ ఫ్లాష్ అసలు మెరుపుకు ముందు కొట్టే చిన్న మెరుపుకే మోసపోతుంది. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్లో లాంటి లావు స్తంభాలు అడ్డొస్తే అసలేమీ చూడదు. రేడియోకు ఈ బాధలు లేవు. అలాగని ప్రతి రేడియో నమ్మదగింది కాదు. చవక 433 మెగాహెర్ట్జ్ రిసీవర్లలో చాలావాటి మూలం రేడియో ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో ప్రకటించిన సూపర్‌రీజెనరేటివ్ సర్క్యూట్. ఒకే ట్రాన్సిస్టర్‌ను డోలనం మొదలయ్యే అంచుకు తెచ్చి, వెంటనే అణచి, మళ్లీ తెస్తూ, అతి బలహీనమైన సంకేతాన్ని కూడా వేల రెట్లు పెంచే అద్భుతమైన ఉపాయమది. అయితే రొదనూ అంతే పెంచుతుంది. పిలవకుండా పలికే ఫ్లాష్‌లకు ఒక కారణం అదే. 2.4 గిగాహెర్ట్జ్ ట్రిగ్గర్లు ఆజ్ఞను చిరునామాతో కూడిన డిజిటల్ పొట్లంగా పంపుతాయి, తనది కానిదాన్ని రిసీవర్ వదిలేస్తుంది. యోంగ్నువో ఆర్‌ఎఫ్-603 వంటివి ఈ పద్ధతిని సామాన్యుడికి అందించాయి; గొడాక్స్ టీటీ600లో రిసీవర్ ఫ్లాష్ లోపలే ఉంటుంది.

జనం కిక్కిరిసిన చోట 2.4 గిగాహెర్ట్జ్ నీరసిస్తుందన్న ఆక్షేపణ సరైనదే; ఒంట్లోని నీరు దాన్ని పీల్చుకుంటుంది. స్టాండును తలల కంటే ఎత్తుకు లేపితే చాలు. ఇక టీటీఎల్‌కు అదనంగా డబ్బు పోయడం, వధూవరులు కదలకుండా కూర్చునే పీటల దగ్గర అనవసరం. ఊరేగింపులో దూరాలు క్షణక్షణం మారతాయి కనుక అక్కడ మాత్రం అది అక్కరకొస్తుంది. పాత ఫ్లాష్ తగిలించేవాళ్లు దాని కాంటాక్టుల మీది వోల్టేజీని ముందు మల్టీమీటర్‌తో కొలవాలి. కొన్నిటిలో 200 వోల్టులు దాటుతుంది, చిన్న రిసీవర్ దాన్ని తట్టుకోలేదు.