పాఠశాల విద్యార్థుల భావప్రకటన స్వేచ్ఛ: విశాఖ ఉద్యమం నుంచి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు వరకు

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగాయి. వీధిలో వినిపించిన ఇటువంటి అభిప్రాయానికి బడి ఆవరణలో రక్షణ ఉందా? రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం వాక్స్వాతంత్ర్యాన్ని పౌరులందరికీ ఇచ్చింది, వయోపరిమితి విధించలేదు.

బడికి సంబంధించిన స్పష్టత 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో లభించింది. జాతీయగీతాలాపన వేళ గౌరవంగా నిలబడినా, గొంతు కలపనందుకు కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తొలగించారు. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తొలగింపును తప్పుపట్టింది. మౌనానికీ ఈ స్వేచ్ఛలో చోటుంది. 19(2) కింద దానిని చట్టమే పరిమితం చేయగలదు, చట్టబలం లేని శాఖాపరమైన ఉత్తర్వు చాలదు.

కనుక క్రమశిక్షణ పేరిట విద్యార్థి నోరు మూయించే ఆదేశానికి చట్టాధారం చూపవలసిన బాధ్యత ప్రభుత్వ పాఠశాలదే.