పిల్లల నిద్ర, ఆట కొలిచే పట్టీ: అంగన్‌వాడీ తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

మిరప కోతల రోజుల్లో మీరు తెల్లారకముందే పొలానికి వెళ్తారు. బిడ్డ ఎంతసేపు నిద్రపోయింది, ఎంత ఆడుకుంది అని అడిగితే ఉజ్జాయింపుగానే చెప్పగలరు. ఆ లెక్క సరిగ్గా తేల్చడానికి పరిశోధకులు ఒక చిన్న పట్టీ వాడతారు. మీ బిడ్డకి కడతామని ఎవరైనా అడిగితే భయపడకండి, అలాగని చదవకుండా సంతకమూ పెట్టకండి.

ఇది ఏమిటి?
చేతి గడియారమంత ఉంటుంది. మణికట్టుకి గానీ నడుముకి గానీ కడతారు. లోపల యాక్సిలరోమీటర్ అనే చిప్ ఉంటుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ తిరిగేది కూడా ఇలాంటి చిప్ వల్లే. సెకనుకి 30 సార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు కూడా కదలికను నమోదు చేస్తుంది. సూది గుచ్చరు, రక్తం తీయరు. కెమెరా, మైకు ఉన్నాయా అని మాత్రం అడిగి తెలుసుకోండి. కదలిక కొలవడానికి ఆ రెండూ అవసరం లేదు.

ఎందుకు కొలుస్తారు?
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లలకి చెప్పిన లెక్క ఇది:
• 1–2 ఏళ్లు: పగటి కునుకుతో కలిపి 11–14 గంటల నిద్ర, 3 గంటల కదలిక
• 3–4 ఏళ్లు: 10–13 గంటల నిద్ర, 3 గంటల కదలిక. అందులో ఒక గంట పరుగులాంటి గట్టి ఆట
• ఫోన్, టీవీ: రెండేళ్లు నిండేదాకా వద్దు, ఆ తర్వాత గంట మించకూడదు

మన దగ్గర వాడారా?
వాడారు. 1987–90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇచ్చిన అదనపు పోషకాహారంపై అధ్యయనం జరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యాక పరిశోధకులు మళ్లీ వెళ్లారు. రోజువారీ పని గురించి ప్రశ్నలడిగి, ఆ జవాబులు ఎంత సరైనవో చూడటానికి కొందరికి ఈ పరికరం పెట్టి పోల్చారు.

పట్టీకి తెలియనివి
బిడ్డ చెట్టుకింద ఉయ్యాల్లో నిద్రపోతుంటే, ఊపును చూసి మెలకువగా ఉందనుకోవచ్చు. మెలకువగా కదలకుండా పడుకుంటే నిద్ర అనుకోవచ్చు. బరువు మోస్తే బరువు తెలియదు. ఆడుకుంటున్నాడో, పొలంలో పని చేస్తున్నాడో అస్సలు తెలియదు. అందుకే మీకో కాగితం ఇస్తారు. పడుకున్న టైము, లేచిన టైము, పట్టీ తీసిన టైము అందులో రాయండి. రాయడం రాకపోతే కార్యకర్తకి చెప్పి రాయించండి.

మీ హక్కులు
• మీరు ఒప్పుకుంటేనే కట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలి.
• వద్దన్నా, మధ్యలో తీసేసినా మీకు రావలసిన గుడ్లు, పాలు, ఇతర సేవలు ఆపకూడదు.
• వివరాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడగండి. ఒప్పంద పత్రం కాపీ తీసుకోండి.

జాగ్రత్త
మిరపకాయలు తాకిన చేత్తో పట్టీ కట్టకండి, చర్మం మండుతుంది. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కట్టండి. దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి చెప్పండి.

పట్టీ లేకపోయినా ఈ లెక్క వేయండి
మూడేళ్ల బిడ్డ రాత్రి 10కి పడుకుని, మీతోపాటు 4:30కి లేస్తే ఆరున్నర గంటలు. అంగన్‌వాడీలో గంటన్నర కునుకు కలిపితే 8. కనీసం 10 కావాలి, అంటే రెండు గంటలు తక్కువ. రాత్రి ఫోన్ పక్కన పెట్టి 8:30కల్లా పడుకోబెట్టండి. వీలైతే తెల్లారుజామున లేపకుండా నాన్నమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంచి వెళ్లండి. ఆ రెండు గంటలూ మళ్లీ బిడ్డకి దక్కుతాయి.