సుంకాలు, విందులు, ఓ బంగారు పీఠం

2025 ఆగస్టు 6న యాపిల్ అధిపతి టిమ్ కుక్ వైట్‌హౌస్‌కు ఓ కానుక పట్టుకెళ్లారు. గుండ్రటి గాజు పలక, దాన్ని నిలబెట్టడానికి ఓ పీఠం. గాజు కెంటకీ రాష్ట్రంలోని కార్నింగ్ కర్మాగారంలో తయారైంది. పీఠం 24 క్యారెట్ల బంగారం, యూటా నుంచి తెప్పించారు. పలకకు రూపమిచ్చింది ఒకప్పుడు అమెరికా మెరైన్ దళంలో పనిచేసి, తర్వాత యాపిల్‌లో చేరిన ఉద్యోగి. ఈ వివరాలన్నీ కెమెరాల ముందు అధ్యక్షుడు ట్రంప్‌కు కుక్ స్వయంగా చెప్పారు. అమెరికాలో మరో 10 వేల కోట్ల డాలర్లు పెడతామని, దాంతో నాలుగేళ్లలో పెట్టే మొత్తం 60 వేల కోట్లకు చేరుతుందని ప్రకటించారు. దిగుమతి చిప్పుల మీద 100 శాతం సుంకం వేస్తానని ట్రంప్ చెప్పింది కూడా ఆ రోజే, ఆ గదిలోనే. అమెరికాలో తయారీకి మాట ఇచ్చిన కంపెనీలకు అది వర్తించదని కూడా అన్నారు.

జనం బంగారం గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ మినహాయింపే ముఖ్యమనిపించింది. సుంకం వేయడం ప్రభుత్వం పని. దాని నుంచి ఎవరు బయటపడతారన్నది ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే వ్యవహారమైతే, ఆ గదిలోకి అడుగుపెట్టలేనివాళ్ల గతేమిటి? ఈ విశేషాలన్నీ పోగేస్తున్నంతసేపూ నన్ను వదలని ప్రశ్న ఇది.

అసలు కుక్‌కు ఈ విద్య కొత్త కాదు. 2019 నవంబర్‌లో ట్రంప్‌ను వెంటబెట్టుకుని టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మ్యాక్ ప్రో కంప్యూటర్లు బిగించే కర్మాగారం చూపించారు. తానే ఆ ఫ్యాక్టరీని ప్రారంభించానని ట్రంప్ ఆ రోజు చెప్పుకున్నారు. నిజానికి అక్కడ 2013 నుంచే మ్యాక్ ప్రోలు తయారవుతున్నాయి. పక్కనే ఉన్న కుక్ ఆ మాటను సరిదిద్దలేదు. అంతకు రెండు నెలల ముందే మ్యాక్ ప్రోలో వాడే కొన్ని చైనా విడిభాగాలకు సుంకం మినహాయింపు దొరికింది. చైనా నుంచి వచ్చే ఫోన్ల మీద డిసెంబర్ 15న పడాల్సిన 15 శాతం సుంకం కూడా ఆఖరి గడియలో ఆగిపోయింది.

ఇక మన పొరుగున జరిగిన సంగతి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకుల మీద అమెరికా సుంకం రోజుల వ్యవధిలో 145 శాతానికి ఎగబాకింది. ఆ దెబ్బ తప్పించుకోవడానికి యాపిల్ ఏం చేసిందో తెలుసా? చెన్నై విమానాశ్రయం నుంచి దాదాపు 600 టన్నుల ఐఫోన్లను సరుకు రవాణా విమానాల్లో అమెరికాకు తరలించింది. అంటే 15 లక్షల దాకా ఫోన్లు. కస్టమ్స్ తనిఖీకి మామూలుగా పట్టే 30 గంటలను ఆరు గంటలకు కుదించేలా అక్కడి అధికారులతో ముందే మాట్లాడుకుంది. శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ప్లాంటులో ఆదివారాలు కూడా షిఫ్టులు నడిచాయని వార్తలొచ్చాయి. ఏప్రిల్ 11 రాత్రి ఫోన్లకు, కంప్యూటర్లకు ఆ భారీ సుంకం నుంచి మినహాయింపు వచ్చింది. నెల తిరగ్గానే దోహాలో ట్రంప్, టిమ్ కుక్‌తో తనకు చిన్న సమస్య వచ్చిందనీ, ఆయన ఇండియాలో ఫ్యాక్టరీలు కట్టడం ఇష్టం లేదనీ బహిరంగంగానే అన్నారు. ఆ జూన్‌లో ముగిసిన మూడు నెలల్లో సుంకాల కింద యాపిల్‌కు అయిన ఖర్చు 80 కోట్ల డాలర్లు. యాపిల్ అంతటి కంపెనీ కాబట్టి తట్టుకుంది.

కాస్త వెనక్కి వెళ్దాం. యాపిల్ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ 1982లో వాషింగ్టన్‌లో రెండు వారాలపాటు చట్టసభ సభ్యుల గదుల చుట్టూ తిరిగారు. లాబీయిస్టులను పెట్టుకోకుండా తనే వెళ్లి మాట్లాడారు. ఆయన అడిగింది సుంకం తగ్గింపు కాదు. బడులకు కంప్యూటర్లు దానమిస్తే కంపెనీలకు పన్నులో వెసులుబాటు ఇవ్వాలని అడిగారు. బిల్లు ప్రతినిధుల సభలో గట్టెక్కింది, సెనేట్‌లో ఆగిపోయింది. ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం అలాంటి చట్టం చేసింది. దాంతో అక్కడి వేలాది బడులకు తలా ఒక యాపిల్ కంప్యూటర్ చేరింది. తొలిసారి కీబోర్డు తాకిన ఆ పిల్లల కోసమైనా ఆ ప్రయాణం సార్థకమైందనుకుంటాను.

అదే జాబ్స్ 2011 ఫిబ్రవరిలో, మరణానికి ఎనిమిది నెలల ముందు, అధ్యక్షుడు ఒబామాతో విందుకు కూర్చున్నారు. ఐఫోన్లు అమెరికాలో తయారు చేయాలంటే ఏం కావాలని ఒబామా అడిగారు. ఆ ఉద్యోగాలు ఇక తిరిగి రావని జాబ్స్ మొహమాటం లేకుండా చెప్పేశారు. చైనాలో యాపిల్ కోసం పనిచేసే లక్షలాది కార్మికుల వెనుక 30 వేల మంది ఇంజినీర్లు ఉన్నారని, అంతమందిని అమెరికాలో వెతికి పట్టుకోవడం కష్టమని ఆయన వాదన. ఒకే కంపెనీకి చెందిన ఇద్దరు అధిపతులు ఒకే ప్రశ్నకు ఇచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. పద్నాలుగేళ్లలో ఎంత దూరం!

చిప్పుల కోసం వాషింగ్టన్ మెట్లెక్కిన తొలి తరం పెద్దల్లో ముఖ్యుడు రాబర్ట్ నోయిస్. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనుగొన్నవారిలో ఒకరు, ఇంటెల్ స్థాపకుల్లో ఒకరు. పోటీ కంపెనీల అధిపతులతో కలిసి 1977లో సెమీకండక్టర్ పరిశ్రమ సంఘం పెట్టారు. జపాన్ చిప్పులు చవగ్గా వచ్చి పడుతున్నాయని ఆ సంఘం 1985లో ఫిర్యాదు చేసింది. 1986లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది. జపాన్ మాట నిలబెట్టుకోలేదంటూ 1987 ఏప్రిల్‌లో రీగన్ 30 కోట్ల డాలర్ల విలువైన జపాన్ సరుకుల మీద 100 శాతం సుంకం వేశారు. స్వేచ్ఛా వాణిజ్యమే తన మార్గమని చెప్పుకున్న అధ్యక్షుడు! ఆ సుంకం పడింది కంప్యూటర్లు, టీవీలు, కరెంటుతో నడిచే పనిముట్ల మీద. గొడవ చిప్పులది, భారం టీవీ కొనేవాడిది.

నోయిస్ పెట్టిన ఇంటెల్‌కే 2025 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. అధిపతి లిప్-బు టాన్ వెంటనే రాజీనామా చేయాలని ఆగస్టు 7న ట్రంప్ డిమాండ్ చేశారు. చైనా కంపెనీల్లో టాన్ పెట్టుబడులు కారణమన్నారు. 11న ఇద్దరూ కలిశారు. 22న అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది. అందుకు 890 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ఇంటెల్‌కు గ్రాంటుగా రావాల్సిన సొమ్మే. టాన్ పదవి పదిలంగా ఉంది.

ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ కథ ఇంకా విచిత్రం. చైనా కోసమే తగ్గించి తయారు చేసిన హెచ్20 చిప్పుల అమ్మకాన్ని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆపేసింది. హువాంగ్ జులైలో ట్రంప్‌ను కలిశారు. వెంటనే అనుమతి దొరుకుతుందన్న కబురు వచ్చింది. ఆగస్టులో అసలు షరతు బయటపడింది: చైనాలో ఈ చిప్పులు అమ్మితే వచ్చే ఆదాయంలో 15 శాతం అమెరికా ప్రభుత్వానికి. తాను మొదట 20 శాతం అడిగానని, హువాంగ్ బేరమాడి 15కు తగ్గించారని ట్రంప్ విలేకరులకు చెప్పారు. అమెరికా రాజ్యాంగం ఎగుమతుల మీద పన్ను వేయడాన్ని నిషేధిస్తుంది. అందుకే ఇది చెల్లుతుందా అని న్యాయ నిపుణులు అప్పుడే సందేహం లేవనెత్తారు. దేశ భద్రతకు ముప్పని ఆపిన సరుకు వాటా చెల్లిస్తే ముప్పు కాకుండా ఎలా పోతుందన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఆ డిసెంబర్‌లో మరింత శక్తిమంతమైన హెచ్200 చిప్పులకూ ట్రంప్ ద్వారం తెరిచారు. ఈసారి వాటా 25 శాతం.

తూర్పు ఆసియాలో ఈ సంబంధాల తీరే వేరు. తైవాన్ అధ్యక్షులు చైనా అభ్యంతరం వల్ల ఆసియా-పసిఫిక్ దేశాల అపెక్ శిఖరాగ్ర సమావేశాలకు వెళ్లలేరు. ప్రతినిధిని పంపాలి. చిప్పుల తయారీ కంపెనీ టీఎస్ఎంసీ స్థాపకుడు మోరిస్ చాంగ్ 2006లోనూ, 2018 నుంచి పలుమార్లూ ఆ బాధ్యత మోశారు. 2022లో బ్యాంకాక్‌లో చైనా అధినేత షీ జిన్‌పింగ్‌ను పలకరించేనాటికి ఆయనకు 91 ఏళ్లు. దేశాధినేత అడుగుపెట్టలేని చోటికి చిప్పుల పెద్దమనిషి వెళ్లగలిగాడు.

2018 డిసెంబర్ 1న బ్యూనస్ ఐరిస్‌లో ట్రంప్, షీ విందులో కూర్చుని వాణిజ్య యుద్ధానికి 90 రోజుల విరామం ఇచ్చారు. అదే రోజు వాంకూవర్ విమానాశ్రయంలో చైనా కంపెనీ హువావే ఆర్థికాధికారి మెంగ్ వాన్‌జౌ అమెరికా కోరిక మీద అరెస్టయ్యారు. ఆమె హువావే స్థాపకుడి కూతురు. వాణిజ్య ఒప్పందానికి పనికొస్తుందంటే ఆ కేసులో జోక్యం చేసుకుంటానని ట్రంప్ కొద్దిరోజులకే చెప్పారు. ఆమె స్వదేశం చేరింది 2021 సెప్టెంబర్‌లో. తప్పొప్పుల మాట కోర్టులు తేల్చాలి. కానీ మనిషి విడుదల బేరంలో అంశం కావడం ఏ దేశం చేసినా సమర్థించలేనిది.

అలీబాబా స్థాపకుడు జాక్ మా 2017 జనవరిలో ట్రంప్‌ను కలిసి అమెరికాలో 10 లక్షల ఉద్యోగాలకు దారి చూపిస్తానన్నారు. 2018 సెప్టెంబర్‌లో, వాణిజ్య బంధం చెడిపోయింది కాబట్టి ఆ మాట నిలుపుకోలేనని చెప్పేశారు.

మనవైపు వద్దాం. 1997లో ముఖ్యమంత్రి చంద్రబాబు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిశారు. దొరికింది పది నిమిషాల సమయమని, మాటలు నలభై నిమిషాలు సాగాయని ఆయన చాలాసార్లు గుర్తుచేసుకున్నారు. 1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌కు వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాష్ట్రాల నేతలకు సుంకాల మీద అధికారం లేదు. భూమి, కరెంటు, అనుమతులే వాళ్ల చేతిలో ఉన్నవి. వాటితోనే బేరం.

సుంకం కేంద్రం చేతిలోది. ఫోన్ల దిగుమతి సుంకం 2017లో మొదలై, 2018లో 20 శాతానికి చేరి, 2024 బడ్జెట్‌లో 15కు దిగింది. కంప్యూటర్లు, టెలిఫోన్ల మీద సుంకం ఎత్తేస్తామన్న 1990ల నాటి ఒప్పందంలో భారత్ కూడా ఉందని యూరప్, జపాన్, తైవాన్ ఫిర్యాదు చేస్తే, 2023 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ మనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. భారత్ ఒప్పుకోలేదు. ఈ సుంకం గోడ చాటునే తిరుపతి దగ్గరి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫోన్లు బిగించే పని పెరిగింది. ఆ కంపెనీ హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్‌కూ వచ్చి, ఎయిర్‌పాడ్లు తయారుచేస్తోంది. ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియుకు 2024లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. మన సత్య నాదెళ్లకు అదే పురస్కారం రెండేళ్ల ముందు వచ్చింది.

2025 సెప్టెంబర్ 4న వైట్‌హౌస్‌లో టెక్ పెద్దలకు ట్రంప్ విందు ఇచ్చారు. నాదెళ్ల, పిచాయ్, కుక్, గేట్స్ అందరూ ఉన్నారు. ఎవరెంత పెట్టుబడి పెడతారని ఒక్కొక్కరినీ అడిగారు. 60 వేల కోట్ల డాలర్లు అన్న జుకర్‌బర్గ్, ఏ అంకె చెప్పమంటారో తనకు ఖాయంగా తెలియదని కాసేపటికి ట్రంప్‌తో అన్న మాట మైకులో వినబడింది.

ఆ విందు ముగిసి పదిహేను రోజులకు, సెప్టెంబర్ 19న, కొత్త హెచ్-1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడింది. 21 నుంచే అమలు. ఎవరికి వర్తిస్తుందో తెలియక, బయటి దేశాల్లో ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని కంపెనీలు హడావుడిగా సందేశాలు పంపాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ విమానం ఎక్కినవాళ్లు కొందరు దిగిపోయారు. సెప్టెంబర్ 21 ఎంగిలిపూల బతుకమ్మ. పండక్కని ఇంటికి బయల్దేరిన ఎందరు తెలుగు పిల్లలు ఆ రెండు రోజులు ఫోన్ పట్టుకుని వణికిపోయారో! ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదన్న వివరణ ప్రకటన వెలువడిన మర్నాడు వచ్చింది. ముందే రాయాల్సిన ఒక్క వాక్యం అది.

గదిలోకి పిలుపు రాని కంపెనీలూ ఉన్నాయి. ఇల్లినాయ్‌లో పిల్లల చదువు బొమ్మలు తయారుచేయించే లెర్నింగ్ రిసోర్సెస్ అనే కుటుంబ సంస్థ సుంకాల మీద 2025 ఏప్రిల్‌లో కోర్టుకెక్కింది. నవంబర్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసులో వాదనలు విన్నది. నా మనసు ఆ బొమ్మల కంపెనీ పక్షం. అడగాల్సిందేదో అందరూ వినే చోట, రాతపూర్వకంగా అడిగింది.

చివరిగా విస్కాన్సిన్‌లోని మౌంట్ ప్లెజెంట్ అనే ఊరు. 2017లో ఫాక్స్‌కాన్ స్థాపకుడు టెర్రీ గౌ వైట్‌హౌస్‌లో నిలబడి ఆ రాష్ట్రంలో 1000 కోట్ల డాలర్లు పెడతామని, 13 వేల దాకా ఉద్యోగాలిస్తామని ప్రకటించారు. 2018 జూన్‌లో ట్రంప్ స్వయంగా పార పట్టి భూమిపూజ చేశారు, ప్రపంచంలో ఎనిమిదో వింత అన్నారు. ఊరివాళ్లు ఇళ్లు ఖాళీ చేసి భూములిచ్చారు. 2021లో ఆ ఒప్పందం 67.2 కోట్ల డాలర్లకు, 1,454 ఉద్యోగాలకు కుదించుకుపోయింది. అయితే ఉద్యోగాలు లెక్కకు రాకపోతే రాయితీ ఇవ్వనక్కర్లేదన్న షరతు మొదటి ఒప్పందంలోనే ఉంది. 2020 అక్టోబర్‌లో రాష్ట్రం దాన్ని చూపించి పన్ను రాయితీ నిరాకరించింది. తర్వాత ఫాక్స్‌కాన్ కోసం కేటాయించిన స్థలంలో కొంత మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 2024 మేలో అక్కడ డేటా సెంటర్ ప్రకటనకు వచ్చింది బైడెన్.

2025 అక్టోబర్ 14న విశాఖలో ఏఐ కేంద్రానికి గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రగర్భ కేబుళ్లు. రావాలనే కోరుకుంటున్నాను. మన బీచ్ రోడ్డు మీద నడిచే పిల్లలకు అమెరికా విమానం ఎక్కకుండానే పని దొరకాలి. ఎంత భూమి, ఎంత కరెంటు, ఎంత నీరు ఇస్తున్నాం, ఏటా ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి అన్న లెక్క విశాఖవాసులు చదువుకునేలా తెలుగులో ప్రచురించాలి. విస్కాన్సిన్ రాసుకున్నటువంటి షరతు మన ఒప్పందంలోనూ ఉండాలి.