బొప్పాయా, మునగా? పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే ఏది వెయ్యాలి?

జగ్గయ్యపేట, నందిగామ వైపు చాలా ఇళ్లలో పెరడంటే ఒక్క చెట్టుకే చోటు. బొప్పాయి వేద్దామా, మునగ వేద్దామా? ఈ ఎపిసోడ్‌లో తేల్చేద్దాం.

ముందు నీళ్ల సంగతి. మనది మెట్ట, పైగా సాగర్ ఎడమ కాలువకి చివరి ప్రాంతం. మునగ వేరు లోతుకి దిగుతుంది, ఒకసారి కుదురుకుంటే ఎండల్ని తట్టుకుంటుంది. నీళ్లు, యూరియా ఎక్కువైతేనే కష్టం: ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గిపోతుంది. బొప్పాయికి మాత్రం వేసవిలో తడి ఆగకూడదు. అలాగని నల్లరేగడిలో వాన నీళ్లు రెండు రోజులు నిలిచినా మొదలు కుళ్లిపోవచ్చు. నిలవ నీరు మునగకీ పడదు. అందుకే ఏది వేసినా మట్టి ఎత్తుగా పోసి నాటండి.

రెండోది, మొక్క ఎంపిక. నాటు బొప్పాయిలో మగ, ఆడ చెట్లు వేరు. గింజ చూసి చెప్పలేం. ఒకే గుంటలో మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక పొడవాటి కాడలకి గుత్తులుగా వేలాడే పూలున్న మగ మొక్కల్ని తీసేయాలి. మునగకి ఈ గొడవ లేదు.

ఇక వాడకం. పీకేఎం-1 మునగ దాదాపు ఆరు నెలలకే కాపుకొస్తుంది. ఆకు పప్పులోకి, కాయ పులుసులోకి, పువ్వు కూడా కూరకే. కాకపోతే కొమ్మ పెళుసు, గొంగళి పురుగులు కూడా వస్తాయి, గుమ్మానికి దూరంగా వెయ్యండి. బొప్పాయి పండుకి ఇంకొన్ని నెలలు ఆగాలి. పచ్చికాయ ముక్క వేస్తే మాంసం త్వరగా మెత్తబడుతుంది, దాని పాలలో ఉండే పపైన్ వల్ల.

నా లెక్క సింపుల్: మే నెలలో కూడా తడి ఇవ్వగలిగితే బొప్పాయి, లేదంటే కళ్లు మూసుకుని మునగ. మీ ఓటు దేనికి?